తానేటి వారిది, తిరిగి ఇవ్వగలరు

తానేటి ఎలియాజరు గారికి కొత్త వస్తువు కనబడితే ముందు దాని మీద పేరు రాయబుద్ధవుతుంది. అందులో ఆయన తప్పేం లేదు, పెంపకం అలాంటిది. సామర్లకోటలో వాళ్ళమ్మగారు స్టీలు గ్లాసు కొన్నా సరే, పాత్రల కొట్లో కూర్చుని దాని మీద ఇంటిపేరు చెక్కించుకుంటే గాని లేచేవారు కారు. చర్చిలో ప్రేమవిందు పెడితే అందరి ఇళ్ళ గిన్నెలూ ఒకే వరండాలో కలుస్తాయి. విందయ్యాక పేరున్న గిన్నె ఇంటికొస్తుంది, పేరు లేనిది ఎవరికి నచ్చితే వాళ్ళింటికి పోతుంది. ఈ సత్యం ఎలియాజరు గారికి పలక పట్టకముందే వంటబట్టింది.

కాబట్టి ఒంటారియోలోని లండన్ వచ్చి పాతికేళ్ళు దాటినా ఆయన మారలేదు. మంచు తోసే పార, కారు అద్దం గీకే బ్రష్షు, గొడుగు, లంచ్ డబ్బా, పక్కింటివాళ్ళకి అరువిచ్చే నిచ్చెన, అన్నింటి మీదా నల్ల మార్కర్‌తో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఒకటే మాట ఉంటుంది: ‘తానేటి వారిది. తిరిగి ఇవ్వగలరు.’

“ఈ దేశంలో మీ తెలుగెవరు చదువుతారండీ?” అని భార్య దయావతి గారు ఓసారి అడిగారు.

“మన గిన్నె పట్టుకుపోయేది మన చర్చివాళ్ళే కదా. వాళ్ళు చదువుతారు,” అన్నారాయన.

దేవుడు ఉద్యోగం కూడా తగిందే ఇచ్చాడు. హాస్పిటల్లో ఆపరేషన్ పనిముట్లు కడిగి, ఆవిరి పట్టించి, ట్రేలలో సర్ది, చీటీ అంటించే విభాగం. చీటీ లేని ట్రే ఆయన చేతిలోంచి బయటికి పోయేది కాదు. మొన్న వసంతంలో ఆయన రిటైరయ్యారు. అప్పుడు మొదలైంది దయావతి గారి కష్టకాలం. మొదట బేస్‌మెంట్ సర్దారు. తర్వాత సర్దిన బేస్‌మెంటే మళ్ళీ సర్దారు. ఆ తర్వాత వంటింట్లో కాలు పెట్టి పోపు డబ్బాల మీద జీలకర్ర, ఆవాలు, మెంతులు అని రాయడం మొదలుపెట్టారు.

“ఆవాలని రాస్తే గాని నాకు ఆవాలని తెలవదా? నలభై ఏళ్ళుగా మీకు పోపు పెడతంది ఎవరనుకున్నారు?” అన్నారావిడ. “కాస్త బయటికెళ్ళి నాలుగు మొహాలు చూసి రండి. నా డబ్బాల జోలికి రాకండి.”

అలా వెళ్ళి చూసిన నాలుగు మొహాలూ హాకీ కార్డుల మీదివి.

లండన్ తూర్పు కొసన, ఎప్పుడో మూతబడ్డ ఫ్యాక్టరీ షెడ్డులో వారాంతాల్లో ఫ్లీ మార్కెట్ జరుగుతుంది. పాత సామాన్ల సంత. టెలిఫోన్లు, తుప్పు పట్టిన రంపాలు, ఎవరి అమ్మమ్మవో పింగాణీ కప్పులు, చెవి ఊడిన గుర్రం బొమ్మలు. ఫ్లీ అంటే నల్లిలాంటిదేనని ఎవరో చెప్పగా విని దయావతి గారు దానికి నల్లుల సంత అని పేరు పెట్టారు. ఆయన సంత నుంచి వస్తే చొక్కా గుమ్మంలోనే విప్పించి వాషింగ్ మెషీన్‌లో వేసేవారు.

ఆయన అక్కడికి వెళ్ళింది ప్రెషర్ కుక్కర్ వెయిట్ దొరుకుతుందేమోనని. దొరకలేదు. తిరిగి వస్తుంటే చివరి వరసలో గార్త్ అనే పెద్దమనిషి బల్ల కనబడింది. గార్త్‌కి డెబ్బై దాటాయి, ఒకప్పుడు లారీ నడిపేవాడు. ఎండాకాలం కూడా ఉన్ని టోపీ తీయడు. అతని బల్ల నిండా మంచు మీద ఆడే హాకీ ఆటగాళ్ళ కార్డులు, సంతకాలు పెట్టిన పక్‌లనే నల్ల రబ్బరు బిళ్ళలు, విరిగిన హాకీ కర్రలు, వెలిసిపోయిన జెర్సీలు. గార్త్ ఒక కార్డు తీసి, “ఇది రూకీ కార్డు, మంచిది,” అన్నాడు. ఎలియాజరు గారి చెవికి అది రూకలుగా వినబడింది. రూకలు తెచ్చే కార్డు కాబోలు, అందుకే ఆ పేరు అనుకున్నారు. రూకీ అంటే ఆటగాడు ఆడిన మొదటి ఏడాది అచ్చయిన కార్డు అని గార్త్ చెప్పేసరికి వేసవి సగం అయిపోయింది, ఈయన కార్డుల డబ్బా సగం నిండిపోయింది.

అప్పటికి రూకల మాట వెనకబడింది, వేట రుచి మరిగారు. ప్రతి శనివారం పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోయించుకుని, భూతద్దం జేబులో వేసుకుని బయల్దేరేవారు. అద్దాల పెట్టెల వైపు చూసేవారు కాదు. బల్లల కింద దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టెల ముందు మోకాళ్ళ మీద కూర్చునేవారు. బేరం మాత్రం సామర్లకోట చేపల బజార్లో నేర్చిందే. పండుగప్ప కావాలంటే దాని వంక చూడకూడదు. పక్కనున్న చేప ధర అడగాలి, అబ్బో అనాలి, వెళ్ళిపోబోవాలి, అప్పుడు పోతూ పోతూ ‘అదెంతేంటి’ అని పండుగప్ప వైపు గడ్డం చూపాలి. ఈ విద్య లండన్ సంతలో బ్రహ్మాండంగా పనిచేసింది. ఇలా గార్త్ నాలుగైదుసార్లు మోసపోయి, “ఎలీ, నువ్వు దేనివైపు చూడటం లేదో దాని రేటు పెంచాలని నాకిప్పుడు తెలిసింది,” అని నవ్వాడు.

చర్చిలో జనం ఆశ్చర్యపోయారు. హాకీ అంటే గడ్డి మీద ఆడే ఆటేనని మొన్నమొన్నటిదాకా అనుకున్న మనిషికి ఇదేం పిచ్చి అన్నారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. నిజం చెప్పాలంటే ఈ ఆట ఆయన ఇంట్లో ఏళ్ళ తరబడి కాపురం చేసి వెళ్ళింది. అప్పుడు దాని మొహం చూడని మనిషి, ఇప్పుడు భూతద్దం పెట్టి వెతుకుతున్నాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, దయావతి గారికీ తెలుసు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు.

వాళ్ళకి హోప్ ఒక్కతే కూతురు. ఇప్పుడు కాల్గరీలో ఆయిల్ కంపెనీ ఆఫీసులో ఐటీ ఉద్యోగం. చిన్నప్పుడు మంచు మీద స్కేట్లు కట్టుకుని నిలబడిందంటే మళ్ళీ ఇంటికి తేవడం కష్టమయ్యేది. మొదట్లో శనివారాలు ప్రాక్టీసు. ఎలియాజరు గారే తీసుకెళ్ళి, చలికి ముడుచుకుని బెంచీ మీద కూర్చునేవారు. తర్వాత పిల్ల మంచి టీములోకి ఎక్కింది. ఆ టీము మ్యాచులన్నీ ఆదివారం పొద్దున.

ఆదివారం అంటే ఆయనకి ఒకటే అర్థం. ఆ రోజు పని చేయడం, కొనడం, అమ్మడం, ఆటలు చూడడం ఆయన ఇంటా వంటా లేదు. ఫ్రిజ్‌లో పాల సంచీ ఖాళీ అయితే సోమవారం దాకా డికాషనే. అద్దె హాల్లో జరిగే తెలుగు ఆరాధనలో మొదటి పాట ఎత్తుకునేది ఆయన. కూతురిని ఆయన వద్దనలేదు. స్నేహితురాలి తల్లి కారులో వెళ్ళనిచ్చారు. తను మాత్రం ఒక్క మ్యాచ్‌కీ వెళ్ళలేదు. ఆరాధన అయి వీళ్ళు ఇంటికొచ్చిన కాసేపటికి, జుట్టంతా చెమటతో, భుజాన తనంత సంచీతో హోప్ తలుపు తోసుకొచ్చేది.

“గెలిచాం నాన్నా!”

“చేతులు కడుక్కుని అన్నానికి రా,” అనేవారు ఆయన.

కోపంగా అనేవారు కాదు. ఆకలితో వచ్చిన పిల్లకి అన్నం ముందనుకున్నారు, అంతే. ఆదివారపు ఆట గురించి అడిగితే దాన్ని ఒప్పుకున్నట్టవుతుందని కూడా అనుకున్నారు. కొన్నాళ్ళకి పిల్ల గుమ్మంలో గెలిచాం అనడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి తెలుగులో మాట్లాడడమే తగ్గించేసింది. “హౌ వాజ్ చర్చ్, డాడ్?” అని మర్యాదగా అడిగి, చెప్పకముందే చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయేది.

ఆ టీములో చేరిన ఏడాది ఫోటోలు తీసేవాళ్ళు వచ్చి పిల్లలందరికీ పెద్ద ఆటగాళ్ళకి వేసినట్టే కార్డులు వేసిచ్చారు. ముందు బొమ్మ, పేరు. వెనక ఎత్తు, బరువు, ఇష్టమైన తిండి. ఇష్టమైన తిండి అన్నచోట ‘పులిహోర’ అని ఇంగ్లీషులో తప్పుగా అచ్చయింది. స్కూల్లో చూపిస్తానని హోప్ కార్డు పట్టుకెళ్తానంటే, వస్తువు గడప దాటుతోందని ఎలియాజరు గారు మార్కర్ తీశారు. వెనక చోటు లేదు. అందుకని ముందువైపే, బొమ్మ కింద, రెండు వరసల్లో రాశారు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది గాని కార్డు మాత్రం భద్రంగా తిరిగొచ్చింది. అప్పట్నించీ అది ఆయన పాటల పుస్తకంలో గుర్తుకాగితంగా ఉండిపోయింది.

నవంబరులో ఓ సాయంత్రం హోప్ వీడియో కాల్ చేసింది. మొహం వెలిగిపోతోంది. అక్కడ చిన్నపిల్లల టీము ఒకదానికి సాయం కోచ్‌గా తీసుకున్నారట. ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉందట: కోచ్‌లందరూ తమ చిన్నప్పటి కార్డు డ్రెస్సింగ్ రూము గోడకి పెడతారట, పిల్లలు మ్యాచ్‌కి వెళ్తూ దాన్ని చేత్తో తట్టి వెళ్తారట.

“డాడ్, మై కార్డ్. యూ స్టిల్ హ్యావ్ ఇట్, రైట్?”

“ఉందమ్మా. ఎందుకుండదు?” అన్నారు ఎలియాజరు గారు. “రేపే పోస్ట్ చేస్తా.”

“ఐ థాట్ యూ మైట్ హ్యావ్ త్రోన్ ఇట్ అవుట్,” అంది హోప్. నవ్వుతూనే అంది. ఆయనకి నవ్వు రాలేదు.

ఫోన్ పెట్టేసి పాటల పుస్తకం తెరిస్తే కార్డు లేదు. తిరగేసి దులిపారు. ఎవరిదో పెళ్ళిపిలుపు రాలింది, కార్డు రాలలేదు.

“దయా, నా పుస్తకంలో హోప్ కార్డు ఉండాలి.”

“ఆ పుస్తకం కుట్లు ఊడిపోతే నేనే కదండీ కుట్టింది,” అన్నారు దయావతి గారు వంటింట్లోంచి. “కార్డు తీసి మీ కార్డుల్లో పెట్టేశా. కార్డులన్నీ ఒకచోట ఉంటాయి గదా అని.”

“నా కార్డులంటే? ఏ డబ్బా?”

“నీలం బూట్ల డబ్బా.”

ఎలియాజరు గారు మెల్లిగా కుర్చీలో కూలబడ్డారు. నీలం డబ్బాలో ఉన్నవి రెండేసి, మూడేసి ఉన్న కార్డులు. సెప్టెంబరులో ఆ డబ్బాకి డబ్బా గార్త్‌కి ఇచ్చేసి, బదులుగా ఓ గోల్‌కీపర్ సంతకం పెట్టిన పక్ తెచ్చుకున్నారు. అదిగో, టీవీ మీద కూర్చుని ఉంది. దాని మీద కూడా ‘తానేటి వారిది’ అని రాశారు. జీవితమంతా ప్రతి గిన్నెనీ తిరిగి ఇంటికి చేర్చుకున్న మనిషి, కన్నకూతురి బొమ్మని తన చేత్తో సంతలో ఇచ్చి వచ్చాడు.

“చూడకుండా ఎలా ఇచ్చారండీ?” అన్నారు దయావతి గారు. వెంటనే, “చెప్పకుండా నేనెలా పెట్టాను లెండి,” అని ఆవిడా పక్కనే కూర్చున్నారు. పొయ్యి మీద పప్పు మాడింది. ఎవరూ లేవలేదు.

శనివారం తలుపులు తీయకముందే ఎలియాజరు గారు సంత ముందు ఉన్నారు. చివరి వరసలో గార్త్ బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. పక్కబల్ల పింగాణీ కప్పులావిడని అడిగితే, ఈ వారం నుంచి చలికాలమంతా గార్త్ శనివారాలు వేరే ఊరి సంతకి పోతాడనీ, ఇక్కడికి ఆదివారం పొద్దున మాత్రమే వస్తాడనీ చెప్పింది. ఫోన్ నంబరు అడిగితే నవ్వింది. గార్త్‌కి సెల్‌ఫోన్ గిట్టదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నారు, నోట్లో పెట్టుకోవడం లేదు.

“మధ్యాహ్నం దాకా ఆగి వెళ్తే?” అన్నారు తనలో తను. “ఈలోగా ఎవడైనా ఎగరేసుకుపోతే?”

“పొద్దున్నే వెళ్ళండి,” అన్నారు దయావతి గారు.

“ఆదివారం దయా.”

“నాకు క్యాలెండర్ చూడ్డం వచ్చు. గొర్రె గుంటలో పడితే ఆదివారమని గట్టు మీద కూర్చుంటామా ఏంటి? నేను మన చర్చి షాలేమ్ రాజు కారులో ఎళ్తాను. పాట కూడా ఆ అబ్బాయే ఎత్తుకుంటాడు.”

“వాడు శ్రుతి అందుకోలేడు.”

“దేవుడు సర్దుకుంటాడు లెండి. ఇన్నేళ్ళు మీది సర్దుకోలేదా?”

ఆదివారం పొద్దున ఆయన చొక్కా మీద చొక్కా, కోటు తొడుక్కుని, ఫ్లాస్కు చంకన పెట్టుకుని బయల్దేరారు. అలవాటు చొప్పున కారు చర్చి వైపు తిరిగింది. మళ్ళీ వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. సంత ముందు కారు ఆపాక కూడా కాసేపు స్టీరింగ్ పట్టుకునే కూర్చున్నారు. ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని అటూ ఇటూ చూశారు. ఆ వేళకి తెలిసినవాళ్ళందరూ చర్చిలో ఉంటారని గుర్తొచ్చి, దిగి లోపలికి నడిచారు.

గార్త్ ఉన్నాడు. బల్లల కింద పెట్టెలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎలియాజరు గారు ఏం ఎరగనట్టు మోకాళ్ళ మీద కూర్చుని మొదటి పెట్టె లాగారు. నీలం డబ్బా కోసం వెతికారు. లేదు. పెట్టె తర్వాత పెట్టె చూశారు, భూతద్దం అక్కర్లేకుండానే కళ్ళు మండాయి. హోప్ మొహం ఎక్కడా లేదు. నడుం పట్టుకుని లేవడానికి అద్దాల పెట్టె అంచు ఊతం పట్టుకున్నారు. అప్పుడు కనబడింది.

ఆయన ఏనాడూ చూడని అద్దాల పెట్టెలో, పై వరసలో, మందపాటి ప్లాస్టిక్ తొడుగులో హోప్. ఎర్ర జెర్సీ, తనకంటే పొడుగు కర్ర, ముందు పన్ను ఊడిన నవ్వు. బొమ్మ కింద నల్లటి గుండ్రటి అక్షరాలు రెండు వరసలు. పక్కన గార్త్ రాసిన చీటీ: ‘హోప్ టనెటీ, ఇటలీ. చిన్ననాటి కార్డు. స్వహస్తాలతో సంతకం చేసినది. అరుదు.’

అక్కడ పండుగప్ప సూత్రం వాడాలి. పక్క కార్డు ధర అడగాలి, అబ్బో అనాలి, వెళ్ళిపోబోవాలి. ఎలియాజరు గారికి అవేవీ గుర్తు రాలేదు.

“అది నా కూతురు!” అని అరిచారు.

గార్త్ కాఫీ కప్పు దించి తాపీగా చూశాడు. “ఎలీ, పోయిన వారం ఒకాయన ఆ గోల్‌కీపర్ తన తాత అని చెప్పాడు. అంతకుముందు వారం ఇంకొకాయన మేనత్త. ఈ పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ ఈ ఊరినిండా చుట్టాలే.”

“తానేటి! మా ఇంటిపేరు. ఇటలీ కాదు, తూర్పు గోదావరి.”

“వినడానికి ఇటలీ పేరులాగే ఉంది. మరి ఈ సంతకం?”

“అది సంతకం కాదు. నా రాత. ‘తానేటి వారిది, తిరిగి ఇవ్వగలరు’ అని రాశాను.”

గార్త్ టోపీ వెనక్కి తోసుకుని పగలబడి నవ్వాడు. “కూతురి బొమ్మ మీద తిరిగి ఇవ్వమని రాసుకునే తండ్రి ఎక్కడుంటాడయ్యా? ఇంతకంటే మంచి కథ చెప్పు.”

ఎలియాజరు గారికి ఇంగ్లీషు అడుగంటిపోయింది. కోపం వచ్చినా, దుఃఖం వచ్చినా ఆయనకి మొదట పోయేది ఇంగ్లీషే. చంకలోని ఫ్లాస్కు తీసి బల్ల మీద ఠక్కున పెట్టారు. దాని నడుం చుట్టూ అవే అక్షరాలు. అదే గుండ్రం, అదే వాలు.

గార్త్ ఫ్లాస్కు తీసుకున్నాడు. కార్డు కూడా బయటికి తీసి పక్కన పెట్టాడు. ఎలియాజరు గారి భూతద్దమే తీసుకుని ఒక్కో వంపూ పోల్చి చూశాడు. అతని నవ్వు మెల్లిగా పోయింది.

“ఇటలీ చాంపియన్ సంతకమని రెండు నెలలుగా పై వరసలో పెట్టుకున్నాను,” అన్నాడు నీరసంగా. “టీ ఫ్లాస్కు సంతకమా ఇది?”

“గొడుగు మీద కూడా ఉంటుంది,” అన్నారు ఎలియాజరు గారు.

“సరే, రాత నీదే. పిల్ల నీదేనని రుజువేంటి?” గార్త్ కళ్ళలో మళ్ళీ అల్లరి వచ్చింది. “ఫోన్ చెయ్యి. మొహం చూస్తాను. చూశాక బేరం మాట్లాడుకుందాం.”

ఎలియాజరు గారు జేబులోంచి ఫోన్ తీశారు గాని నొక్కడానికి వెనకాడారు. ఫోన్ చేస్తే కార్డు ఉందన్న మాట అబద్ధమని బయటపడుతుంది. చేయకపోతే కార్డు రాదు. చివరికి నొక్కారు.

కాల్గరీలో ఇంకా పొద్దెక్కలేదు. చెదిరిన జుట్టుతో, చేతిలో కాఫీతో హోప్ కనబడింది. ముందు నవ్వింది, తర్వాత ఆయన వెనక బల్లలూ జనమూ చూసి నవ్వు ఆపేసింది.

“డాడ్? ఇట్స్ సండే. వై ఆర్ యూ నాట్ ఇన్ చర్చ్? ఇజ్ మామ్ ఓకే?”

“మీ అమ్మకేం, బానే ఉంది. చర్చిలో ఉంది.” ఆయన గొంతు సవరించుకున్నారు. “నీ కార్డు ఉందన్నా కదమ్మా. అప్పుడు లేదు. నేనే చూసుకోకుండా ఈయనకి ఇచ్చేశా. ఇప్పుడే దొరికింది. ఇదిగో.”

గార్త్ టోపీ తీసి పట్టుకుని, ఫోన్‌లోకి వంగి, కార్డు ఎత్తి హోప్ మొహం పక్కన పెట్టి చూశాడు. హోప్ కార్డు చూసింది. దాని కింది అక్షరాలు చూసింది. ఆ అక్షరాలు చూసి చిన్నప్పుడు తను ఎంత చిన్నబుచ్చుకుందో గుర్తొచ్చినట్టుంది, పెదవి కొరుక్కుంది.

“యూ వెంట్ టు ది మార్కెట్? ఆన్ ఎ సండే?” అంది. “డాడ్, యూ డోంట్ ఈవెన్ బై మిల్క్ ఆన్ సండేస్.”

ఎలియాజరు గారు చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. పొద్దున కారులో కూర్చుని నాలుగు మాటలు కూడా కూర్చుకున్నారు. అవేవీ నోటికి రాలేదు.

“నీ మ్యాచ్‌కి ఒక్కదానికీ రాలేదు కదమ్మా,” అన్నారు. “ఇవాళ వచ్చాను.”

తెర మీద బొమ్మ ఆగిపోయిందేమోనని ఆయన ఫోన్ కొంచెం ఊపారు. ఆగలేదు. హోప్ కాఫీ కప్పు కింద పెట్టి, అరచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

“గెలిచామా, నాన్నా?” అని అడిగింది.

తెలుగులో అడిగింది. ఎలియాజరు గారు గార్త్ వంక చూశారు. గార్త్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ లారీ తోలుతూ ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ధర చీటీ పీకి ఉండ చుట్టి పారేశాడు. కార్డుని మళ్ళీ తొడుగులో పెట్టి ఎలియాజరు గారి వైపు తోశాడు. ఫ్లాస్కుని మాత్రం తన వైపు లాక్కున్నాడు. “సంతకం ఉన్నదొకటి నా పెట్టెలో ఉండాలి,” అన్నాడు.

“దాని మీద తిరిగి ఇవ్వమని ఉంది,” అన్నారు ఎలియాజరు గారు.

“నేను ఇటలీవాడిని. నాకు చదవడం రాదు,” అన్నాడు గార్త్.

ఎలియాజరు గారు కార్డుని రెండు చేతులతో తీసుకుని లోపలి చొక్కా జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు.

“గెలిచాం తల్లీ.”

హోప్ ముక్కు ఎగబీల్చింది. వెనక్కి వాలి, గొంతు లావు చేసి, అచ్చం ఆయన లాగే, ఏళ్ళ తరబడి గుమ్మంలో విన్న మాటని ఒక్క అక్షరం పొల్లుపోకుండా అంది:

“చేతులు కడుక్కుని అన్నానికి రా.”

ఎలియాజరు గారు నవ్వబోయారు. నవ్వు సగంలో తడిసిపోయింది. కళ్ళజోడు తీసి కోటు చివరతో తుడుచుకుంటూ, “కడుక్కుంటా తల్లీ, కడుక్కుంటా,” అన్నారు.